తెల్లపట్టీలు విప్పిన మధ్యాహ్నం

నౌపడ స్టేషను రోడ్డులో నాకు చిన్న టైలరింగ్ షాపుంది. ఆరోజు మధ్యాహ్నం వాన పట్టింది. కరెంటు పోయింది. ఉప్పుమళ్ల మీంచి తడిగాలి కొడుతుంటే, వెలుతురు కోసం కుట్టుమిషను గుమ్మం దగ్గరికి జరుపుకున్నాను.

అప్పుడే మా వీధి రేఖ కొడుకు గిరిబాబు వచ్చాడు. సైన్యంలో ఆఫీసరు ట్రైనింగుకి ఎంపికయ్యాడు. సాయంత్రం బండికే ప్రయాణం. సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులవి. వారం నుంచి రేఖకి ముద్ద దిగడం లేదు.

గిరి సంచిలోంచి పాత ఖాకీ చొక్కా తీశాడు. రెండు భుజాల మీదా తెల్లగుడ్డ పట్టీలు.

"మా తాత అన్నగారిది, పిన్నీ. రెండో ప్రపంచయుద్ధమప్పుడు ఆఫీసరు ట్రైనింగులో జ్వరమొచ్చి పోయాడంట. శవం రాలేదు, ఈ చొక్కా వచ్చింది. ట్రైనింగయ్యేదాకా ఈ పట్టీలుండాలి, అయ్యాక తీసేస్తారు. విప్పి ఇచ్చీ, నాతో పట్టుకెళ్తాను."

"ఇన్నాళ్లూ ఎవరూ విప్పలేదేటి?"

"ఆయన పోయాడంటే వాళ్లమ్మ నమ్మలేదంట, చొక్కా ముట్టుకోనిచ్చేది కాదంట. పట్టీలు తీస్తే కొడుకుని యుద్ధానికి పంపీస్తారని." నవ్వాడు.

ఎడమ పట్టీ కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే కోశాను. పాత నూలు పొడిపొడిగా రాలింది. కుడివైపూ అయింది. తీరా ఎత్తబోతే ఎడమది ఊడలేదు.

కుట్లన్నీ మళ్లీ ఉన్నాయి. దారం కొత్తది... తడిగా ఉంది. సూదికి ఎక్కించేముందు ఎవరో నోట్లో తడిపినట్టు. తమలపాకు వాసన.

మళ్లీ కోశాను. ఈసారి కళ్లు తిప్పలేదు. గుడ్డ కిందనుంచి సూదిమొన పైకొచ్చింది... దిగింది... మళ్లీ పైకొచ్చింది. చొక్కా కింద నా అరచెయ్యి తప్ప ఏమీ లేదు.

చెవి పక్కన ఎవరో ఊపిరి పీల్చారు.

"తియ్యకు..."

చొక్కా వదిలేశాను. "తీసుకుపో బాబూ. నావల్ల కాదు."

గిరి విసుక్కుని చొక్కా అందుకున్నాడు. పట్టీ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పర్రున చిరిగొచ్చింది.

"అయిపోనాది. సూశావా?"

లేవబోయాడు. సగంలో ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

"పిన్నీ... భుజం..."

కాలరు పక్కకి తీశాను. అతను తొడుక్కున్న చొక్కా భుజానికి కుట్టేసి ఉంది. చర్మానికి. సన్నగా, ఒద్దికగా, చేతికుట్టు. నెత్తురు చుక్క లేదు. చివర ముడి ఇంకా పడలేదు.

దారం కదులుతోంది.

కత్తెర ఎలా అందుకున్నానో తెలీదు. కోసేశాను.

"అమ్మకి సెప్పకు," అన్నాడు. ఖాకీ చొక్కా నా షాపులోనే పడేసి ఆ సాయంత్రమే బండెక్కాడు.

నెల గడిచింది. నిన్న రేఖ ఫోను పట్టుకుని షాపుకొచ్చింది. "ఆడు ఏదోలా మాట్లాడతన్నాడు, నువ్వూ ఇను," అని స్పీకరు పెట్టింది.

గిరి గొంతు బాగా నెమ్మదిగా ఉంది.

"చొక్కా విప్పే పడుకుంటన్నానమ్మా. తెల్లారేసరికి ఒంటిమీదే ఉంటన్నాది. గుండీల కన్నాలన్నీ కుట్టీసి ఉంటన్నాయి. ఇక్కడ కుర్రాళ్లంతా అడుగుతన్నారు... నా మంచమ్మీద కూర్చునే ముసలమ్మ ఎవరని."