జానెడు పక్కన

కొండకింద ప్రయోగశాల తోటలో అరవై మొక్కలకూ తెల్లారేసరికి వేర్లు మాయమయ్యాయి.

"కంటిలో ఒత్తిడి తగ్గించే పదార్థం ఈ వేర్లలోనే ఉంది," అన్నాడు సైంటిస్టు సుబ్రమణ్యం. "అడవిలో మిగిలిన ఆఖరి మొక్కలు తెచ్చి పెంచాం. పచ్చివేర్లు దేశం దాటితే పేటెంటు విదేశీ కంపెనీలది, మందూ వాళ్లది. నీటికాసుల జబ్బుతో చూపు పోయే మన పేదలకు మిగిలేది చీకటే."

సీక్రెట్ ఏజెంట్ దేవరాజులు వంగి చూశాడు. యాత్రికుడి వేషానికి కొట్టించుకున్న గుండు 1983 వేసవి ఎండకు మెరుస్తోంది. గుంతలన్నీ పూడ్చి ఉన్నాయి. నలభై గుంతల్లో పచ్చికొమ్మలు గుచ్చి ఉన్నాయి. వేరు తవ్వితే కొమ్మ తిరిగి నాటడం ఇక్కడి వాళ్ల ఆచారం. విదేశీ ముఠా అంత మర్యాద చేయదు.

మిగతా ఇరవై కొమ్మలు సాలుకు జానెడు పక్కన పడి వాడుతున్నాయి.

"మీకు వేర్లు తవ్వే మునస్వామికి చూపెలా ఉంది?"

సుబ్రమణ్యం ఉలిక్కిపడ్డాడు. "ఈ మొక్కను మాకు చూపించిందే ఆయన. నీటికాసులే. ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, పక్కలు పోయాయి. ఊళ్లో కంటి క్యాంపుకు పోతున్నాడు. క్యాంపు నడిపే నర్సు ఈ పొద్దే ఖాళీ చేసి పోయిందట."

ఆ నర్సు కోసం జీపు రేణిగుంట స్టేషను చేరేసరికి మద్రాసు రైలు కూత వేసింది. ప్లాట్‌ఫారం నిండా యాత్రికుల గుండ్లే. వాటిలో ఒక ఆడమనిషి చెంపన సొట్టను దేవరాజులు గుర్తుపట్టాడు. లీనా! రెండేళ్లు మన డిపార్ట్‌మెంటు జీతం తిని ముఠాకు పనిచేసిన డబుల్ ఏజెంట్. అందం కోసం ప్రాణమిచ్చే మనిషి, జుట్టు కూడా ఇచ్చేసింది. చేతిలో లడ్డూల బుట్ట. ఆ వేర్లదీ కర్పూరం వాసనే, లడ్డూదీ అదే.

"ప్రసాదం పెట్టమ్మా."

"ఊరికి పట్టుకుపోతున్నా సామీ."

"అడుగున తడిమన్ను కారుతోంది. లడ్డూలు భూమిలోంచి తవ్వే రోజులింకా రాలేదు."

ఆమె కదిలే రైలు మెట్టు మీద కాలు పెట్టింది. చెయ్యి మాత్రం అతని పిడికిట్లో ఉండిపోయింది. దేవరాజులు వైర్‌లెస్‌లో కోడ్ చెప్పాడు: "రెప్ప పడింది."

"నర్సు వేషంలో ఆ మునస్వామికి ఏమిచ్చావు?"

లీనా నవ్వింది. "ఫారిన్ చుక్కలని చెప్పి ఉప్పునీళ్లు."

వడమాలపేటలో మునస్వామి తన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు, చేతిలో నర్సు ఇచ్చిన చిన్న సీసా. దేవరాజులు పక్కనుంచి వస్తే తెలియలేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డాక తలెత్తాడు.

"ఎవురప్పా?"

దేవరాజులు అన్నీ చెప్పాడు. రైలు, బుట్ట, ఉప్పునీళ్లు, వాడిన ఇరవై కొమ్మలు. ముసలాయన సీసాను అరుగు మీద పెట్టేశాడు.

"నేనే తవ్వినాను నాయనా. ఆ నర్సమ్మ పొద్దున రెండు సుక్కలు, మాపున రెండు సుక్కలు ఏసేది. మండేది. మందు పనిజేస్తా ఉండాదనుకున్నా. ఇంగా కావాలంటే వేర్లు తెమ్మనింది. మన మందు రావాలంటే ఐదేండ్లు పడతాదని సారు అన్నాడు. నాకు అన్ని పొద్దులు యాడుండాయి? అయినా తప్పు తప్పే. అందుకే ఒక్క కొమ్మనూ ఇడవకుండా నాటినాననుకున్నా. ఇరవై మిగిలినాయని నువ్వు సెప్తేనే తెలిసింది."