సాంబమూర్తి చివరి పేపరు

చంపినవాళ్లు మర్యాదస్తులే. అల్మాస్‌గూడ కొత్త ప్లాట్ల హద్దురాళ్ల మధ్య సాంబమూర్తి మాస్టారి కళ్లజోడు తీసి, మడిచి, ఆయన జేబులో పెట్టి మరీ గొంతు కోశారు.

"తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌ను చవగ్గా తీసేసే ఫార్ములా. పద్దెనిమిది పేజీల రీసెర్చ్ పేపర్," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ రామస్వామి. "అందరికీ ఊరికే పంచుతానన్నాడు, పిచ్చి మారాజు! ఫారిన్ ముఠాకు చిక్కితే మన నీళ్లు మనకే అమ్ముతారు. సాయంత్రంలోగా తే."

"తెస్త సార్."

ఏజెంట్ యాదగిరిది నల్గొండ పక్క పల్లె. ఆ నీళ్లు తాగీ తాగీ నడుం వంగిపోయిన తల్లి అండాలమ్మ కొడుకు మొహం చూసి ఆరేళ్లయింది. తల ఎత్తలేదు పాపం.

మాస్టారి జేబులో, కళ్లజోడు వెనకాల, దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపు రసీదు దొరికింది. కరెంటు మీటర్ రీడర్ వేషంలో యాదగిరి అక్కడ అడుగుపెట్టేసరికి సీతామహాలక్ష్మి ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర పెదాలు. నిన్నటిదాకా అతని డిపార్ట్‌మెంటే! ఆమె కాళ్ల దగ్గర అసలు పేపరూ, దాని కాపీలూ బూడిదై ఉన్నాయి.

"లేటయ్యావు," అంది లిప్‌స్టిక్ కెమెరా ఊపుతూ. "ఫిల్మ్ విమానం ఎక్కేసింది. ఇక లోకంలో ఇంకో కాపీ లేదు. ముసలాయన కూడా చివరిదాకా దీనికోసమే గింజుకున్నాడు."

యాదగిరి ఆమె చెయ్యి మెషీన్ మీద పెట్టి మూత దబాలున వేశాడు. రెండుసార్లు. రెండోది మాస్టారి కోసం.

ఆ కేకకు షాపు సైదులు బల్ల కింది నుంచి తల బయటపెట్టాడు. "సార్, ఒక సెట్టు మసకగ వచ్చింది. గసొంటి కాయితాలు నేను ఎల్‌బీ నగర్‌ల బజ్జీల కిష్టమ్మకే పొట్లాలకు ఇస్త."

యాదగిరి స్కూటర్ పరుగెత్తింది. కిష్టమ్మ బండి మీది కట్టలో పదిహేడు పేజీలే ఉన్నాయి. మందు పాళ్లన్నీ పద్దెనిమిదో దాంట్లో!

"గదా బిడ్డా? గిప్పుడే గా నల్గొండ బస్సుల ఆయనకు పొట్లం కట్టిచ్చిన."

కదిలిన బస్సులోకి దూకాడు. వెనక సీటు పెద్దమనిషి తీరిగ్గా చేతులు తుడుచుకుని, కాగితం ఉండచుట్టి, కిటికీలోంచి విసరబోతున్నాడు. గాల్లో ఉండగానే యాదగిరి అందుకున్నాడు.

"మూడొందల సెట్లు కొట్టు," అన్నాడు షాపుకు తిరిగొచ్చి సైదులుతో. "నల్గొండ బస్సెక్కిన ప్రతోనికి ఒకటియ్యి. అందరికీ తెల్సినంక వాళ్లేం అమ్ముతరు?"

మొదటి సెట్టు అండాలమ్మ ఊరికే వెళ్లింది.

"శభాష్!" అన్నాడు సాయంత్రం ఆఫీసులో రామస్వామి, యాదగిరి తెచ్చిన నూనె కాగితాలు ముందేసుకుని. "టాప్ సీక్రెట్ ముద్ర కొట్టి అల్మారాలో పడేద్దాం." కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "ఏంటయ్యా, పడదే?"

"మిర్చి బజ్జీ నూనె సార్," అన్నాడు యాదగిరి. "దీనికి సీక్రెట్ అంటుతలేదు."