రెండు తేదీల మధ్య

"వీపు కుర్చీకి ఆనించమ్మా. ఊపిరి మామూలుగానే పీల్చు," అంది హైమవతి. పొద్దుటి నుంచి అదే మాట అని అని ఆమె నోరు ఎండిపోయింది.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి పేరు కుందన. అమెరికాలో భర్త దగ్గరికి వెళ్లే వీసా కోసం ఉయ్యూరు నుంచి వచ్చింది. కుర్చీ ఆమె నాడిని అందుకోగానే గోడ మీది తూకరి యంత్రం రెండు గీతలు గీసింది. పైది కాపురాంకం, పెళ్లి నిజమైందో కాదో చెప్పేది. అది నిలకడగానే ఉంది. కిందిది పూచీబలం. కొలంబస్‌లో బ్యాటరీ లారీలు బాగుచేసే భర్త ప్రద్యుమ్న సంపాదనను బట్టి అది క్షణక్షణం కదులుతుంది. ఇప్పుడు నూట ముప్పై ఒకటి దగ్గర ఊగుతోంది. నూట ఇరవై అయిదుకు కిందికి జారితే భార్యను పోషించే స్తోమత లేదని లెక్క. ఇక ఏడేళ్ల దాకా ఈ కుర్చీ ఎక్కే వీలుండదు.

పాతరోజుల్లో ఏడాదికోసారి కట్టిన పన్ను కాగితాలు చూపిస్తే సరిపోయేదట. ఇప్పుడు తూకరి ఆ పన్ను ప్రమాణమూ చూస్తుంది, ఈ గంట కూలీ కూడా చూస్తుంది. అంతా చూసి తేల్చాక ఒక మనిషి వేలు పడాలి. విజయవాడ పూచీభవనంలో ఆ వేలు హైమవతిది. వేలిసాక్షి అంటారు. వేయడానికి ఎంతసేపు తీసుకుందో కూడా తూకరి కొలుస్తుంది. బల్ల అంచున ఉన్న సన్నని దీపపు పట్టీ పేరు తటపటాయి. నెలలో మూడుసార్లు అది పసుపు రంగుకు తిరిగితే ఉద్యోగం ఊడుతుంది. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు తిరిగింది. అందుకే హైమవతికి ఈమధ్య అన్నం ముందు కూర్చున్నా వేళ్లు ఊరికే ఉండడం లేదు.

గోడ మోగింది.

"వైరుధ్యం," అంది తూకరి. "పెళ్లి నమోదు డిసెంబరులో. అదే ఏటి పన్ను ప్రమాణంలో భర్త తాను ఒంటరినని రాశాడు. రెండింటిలో ఒకటి అబద్ధం. ఏది?"

కుందన తెల్లబోయింది. పెళ్లి అబద్ధమంటే ఇది దొంగకాపురం. ప్రమాణం అబద్ధమంటే ప్రద్యుమ్న పూచీకి పనికిరాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యేమార్గం చూద్దామంటే, తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం తూకరి.

"అప్పటికి మాకు పెళ్లి కాలేదు కదండీ," అంది కుందన.

కాపురాంకం ఒక్కసారిగా కిందికి దూకింది.

"అంటే," అని గబగబా అందుకుంది, "రిజిస్టరాఫీసులో సంతకాలే అయినాయండి. వీసా వరసలో పేరు ముందు పడాలని. ఆ తర్వాత పుష్యమాసం వచ్చింది, దాని వెనకే మూఢం. వైశాఖం దాకా ముహూర్తాల్లేవు. తాళి కట్టింది అప్పుడే."

హైమవతి ప్రద్యుమ్నను గోడ మీదికి పిలిచింది. అతను లారీ కిందినుంచి లేచి వచ్చాడు, చెంప మీద నల్లటి మరక. పని ఆపి నిలబడగానే పూచీబలం నూట ఇరవై తొమ్మిదికి దిగింది.

"త్వరగా చెప్పు బాబూ. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ గీత జారుతుంటుంది. ఒంటరినని ఎందుకు రాశావు?"

"ఫిబ్రవరిలో రాశాను మేడమ్. అప్పటికి తను వాళ్లింట్లోనే ఉంది. మా నాయనమ్మ తనని మా గడప కూడా తొక్కనివ్వలేదు. తాళి కట్టకుండా పెళ్లయిందని ఎట్టా రాసేది? అబద్ధం అవుద్దని అట్టా రాశా."

"సవరణ పెట్టుకోవచ్చుగా?"

"మూడు నెలలు పడుద్ది మేడమ్. వచ్చే నెల నుంచి మా రాత్రి పాళీ తీసేస్తున్నారు. అప్పుడీ గీత ఎక్కడుంటదో."

నూట ఇరవై ఎనిమిది. ప్రద్యుమ్న చేతులు తుడుచుకుంటూ భార్యనే చూస్తున్నాడు. కుందన గీతను చూస్తోంది.

హైమవతికి ఒళ్లు మండింది. చట్టానికి ఏది పెళ్లో కనుక్కోకుండా నాయనమ్మను అడిగి పన్ను రాసుకున్న ఈ తెలివితక్కువ పిల్లాడి మీద మండింది. లౌక్యం తెలిసినవాడైతే హాయిగా గట్టెక్కేవాడు. వీడు నిజం చెప్పబోయి పెళ్లాన్ని ముంచాడు. అది అర్థం కాని తూకరి మీద అంతకన్నా ఎక్కువ మండింది.

చెవిలో పర్యవేక్షకుడు సత్యకీర్తి గొంతు పలికింది. "హైమగారూ, పసుపొస్తంది చూసుకోండి. చెల్లదని వేలెయ్యండి. ఇట్టాంటివి రోజుకెన్ని పోవట్లేదు?"

పోతున్నాయి. అందుకే బయట హాలులో ఏజెంట్లు ఆడపిల్లలకు నూరిపోస్తుంటారు, ఒక్క తేదీయే చెప్పమని, రెండోది నోట్లోంచి రానివ్వొద్దని. కుందనకు ఏజెంటును పెట్టుకునే స్తోమత లేదు.

నూట ఇరవై ఆరు.

వేలిసాక్షులకు ఇంకో దారి ఉంది. తూకరి తేల్చింది తప్పనుకుంటే అన్యసత్యం రాయవచ్చు. రాసిన క్షణంలో భవనంలోని తూకాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తూకరి ఆ కొత్త సంగతిని నేర్చుకునేదాకా ఎవరి పనీ జరగదు. రాసిన మనిషికి ఉద్యోగం ఉండదు. అందుకే ఆ మీట మీద దుమ్ము పట్టి ఉంది.

హైమవతి చీర కొంగుతో దుమ్ము తుడిచి మీట నొక్కింది. గీత నూట ఇరవై ఆరు దగ్గర బిగుసుకుంది. ఆమె రాసింది: "ఇద్దరూ నిజమే చెప్పారు. మా వైపు పెళ్లి రెండుసార్లవుతుంది, ఒకసారి కాగితం మీద, ఒకసారి పదిమందిలో. ఆ మధ్యకాలంలో ఒంటరినని రాసినవాడు మోసగాడు కాడు."

"మధ్యలో ఉన్నవారిని ఏమంటారు?" అని అడిగింది తూకరి.

"ఏమీ అనం. ముహూర్తం కోసం చూస్తాం," అంది హైమవతి.

"ఒక్కరి సాక్ష్యం చాలదు. హాలులో ఉన్నవారిని అడుగుతాను. వారూ అలాగే చెబితే కుందన పూచీ చెల్లుతుంది. చెప్పకపోతే చెల్లదు."

తటపటాయి ఆరిపోయింది, దాంతోపాటు హైమవతి ముందున్న గోడ కూడా. చెవిలో సత్యకీర్తి, "కొంప ముంచారు కదమ్మా," అంటున్నాడు. ఆమె చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, కుందన చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. హైమవతికి నిజంగానే భయం వేస్తోంది.

హాలులో పెద్దగోడ మీద ఒకటే ప్రశ్న: మీ పెళ్లి ఎప్పుడైంది? వరుసల నిండా కొత్త పెళ్లికూతుళ్లు. ఏ ఒక్కరూ లేవలేదు. ఏజెంట్లు దూరం నుంచి, ఒక్క తేదీయే అన్నట్టు ఒక వేలు చూపిస్తున్నారు.

ముందు వరుసలో కూర్చున్న ఒకమ్మాయి హైమవతి మెడలోని గుర్తింపు బిళ్ల చూసి, పెదాలు కదిలీ కదలకుండా అడిగింది.

"అక్కా, ఒకటి చెప్పాలా, రెండు చెప్పాలా?"

హైమవతి కుందన చెయ్యి వదల్లేదు.

"జరిగినన్ని చెప్పు," అంది హైమవతి.

ఆ అమ్మాయి లేచి, చెంగు సర్దుకుని, గోడ దగ్గరికి నడిచింది. "నవంబరు పంతొమ్మిది," అంది. ఏజెంటు తల ఊపాడు. ఆమె అతని వైపు చూడకుండా గుక్క తిప్పుకుంది.

"మే నాలుగు."

వెనక వరుసలో ఇంకో కుర్చీ కిర్రుమంది.