ఆఖరి వరసలో ఒక్క కుర్చీ

ఆ కాలేజీ నాటకాల హాల్లో ఆఖరి వరస మంచిది కాదని పేరు.

మా చిన్నత్త అక్కడ పాఠాలు చెప్పడానికి చేరిన కొత్తల్లోనే తోటివాళ్ళు చెవిన వేశారు — "వెనక్కి ఒంటరిగా వెళ్ళకమ్మా. ఎప్పుడో ఒక ఐర్లండు నాటకం ఆడుతుంటే పెద్ద రభస అయిందట. తెర పక్కన నిలబడి మాటలందించే ముసలాయన ఆ తొక్కిసలాటలో ఆఖరి వరస దగ్గర పడి పోయాడు. ఇప్పటికీ అక్కడ ఆయన దగ్గుమందు వాసన వస్తుంది..."

చిన్నత్త నవ్వేసింది. నవ్వి ఊరుకుందా? ఆ నాటకాన్నే తలకెత్తుకుంది. ఆడటం కాదు — పిల్లలు వేదిక మీద వరసగా కూర్చుని, ఎవరి పాత్ర వాళ్ళు చదవడం, అంతే.

ప్రిన్సిపాలుగారు ఒక్క మాట కొట్టేశారు. తండ్రి శవం పక్కన కూతురు అనే మాట.

"అది గానీ హాల్లో వినబడిందా, మర్నాటి నుంచి మీరు రానక్కర్లేదు."

అసలే పక్కా కాని ఉద్యోగం. ఇంట్లో అందరి కంచాలూ ఆ జీతం మీదే.

అప్పట్నుంచీ చిన్నత్తకి తన నీడ మీద కూడా అనుమానమే. కూతురి పాత్ర చదివే పిల్ల ఎందుకలా ముసిముసిగా నవ్వుతోంది? లైబ్రరీ ఆయన ఊరికే ఎందుకు వచ్చి తొంగిచూస్తున్నాడు? చీకట్లో అల్లరిమూక చేరుతుందేమోనని ఆఖరి వరస కుర్చీలన్నీ తీయించేసింది. స్తంభానికీ గోడకీ మధ్య, నేలకి బిగించిన ఒక్కటి మాత్రం ఊడి రాలేదు.

పొద్దుగూకింది. హాలు నిండింది. చదువు ఆ మాట దాకా వచ్చింది...

ఆ పిల్ల బుద్ధిగా ఆగిపోయింది.

చిన్నత్త ఊపిరి పీల్చుకుంది — అంతలో, వెనకనించి, మెల్లగా, ఒక ఆడగొంతు —

"నాన్న పోయాడు... ఇవాళ నాకు హాయిగా నిద్రపడుతుంది."

వినడానికి కష్టమైన మాటే. దేవుడు మన్నించాలి.

ఎవరో దీపాలు వేశారు. స్తంభం పక్క కుర్చీలోంచి లేచి నిలబడింది... ప్రిన్సిపాలుగారి భార్య!

"నువ్వా!" అన్నారాయన.

"ఆ రభస రోజున ఆ కూతురి వేషం నాదే కదండీ. ఆ మాట అననిస్తేనా! ఇన్నేళ్ళూ గొంతులోనే ఉండిపోయింది. ఏం, రేపట్నుంచి నన్నూ ఇంటికి రానక్కర్లేదంటారా?"

హాలంతా గొల్లున నవ్వింది. ప్రిన్సిపాలుగారు చెమట తుడుచుకుని చిన్నత్త వైపు చూశారు. "కానివ్వండి... రేపు క్లాసుకి మాత్రం ఆలస్యం చెయ్యకండి."

అందరూ వెళ్ళాక, గుమ్మం దగ్గర ఆవిడ చిన్నత్త చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్ళు మోశానా, తీరా వేళకి మాట తట్టలేదమ్మా. నా పక్కన కూర్చున్న పెద్దాయన చెవిలో అందించబట్టి సరిపోయింది. చీకట్లో మొహం కనబడలేదు గానీ, పాపం... ఒళ్ళంతా దగ్గుమందు వాసన. ఎవరాయన?"

చిన్నత్త వెనక్కి తిరిగి చూసింది.

ఇటు స్తంభం. అటు గోడ. మధ్యలో — ఒక్కటే కుర్చీ.