అమావాస్య నాడు బిగించని హారన్

బుధవారం పొద్దున తొమ్మిదింటికి తిరువూరు బస్టాండు అవతల అంకారావు కార్ల షెడ్డు ముందు పాత జీపు ఆగింది. దిగిన పెద్దమనిషిది తెల్లచొక్కా, భుజాన కండువా. చూస్తే విస్సన్నపేట మామిడి తోటల ఆసామిలా ఉన్నాడు. నిజానికి ఆయన సీతారామారావు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి చీఫ్.

“మేస్త్రీ, మూడో గేరు బిగుసుకుపోతోంది.”

“ఎండకి కాదండి, మంచుకి. లోపలికి రండి.”

కోడ్ కలిసింది.

మేస్త్రీ కూడా మేస్త్రీ కాదు. అసలు పేరు సుందరరాజు, ఏజెంట్ సిక్స్‌టీన్. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఏడు నెలల నుంచి నుదుట కుంకుమ, చేతికి ఎర్రతాడు, చెవి మీద పెన్సిలుతో అంకారావుగా బతుకుతున్నాడు. షెడ్డులో దేవుడి పటానికి రోజూ అగరొత్తి కూడా తనే వెలిగిస్తాడు.

చీఫ్ గొంతు తగ్గించాడు. “టైం లేదు, విను. ఎల్లుండి సాయంత్రం 3G నెట్‌వర్క్ ఆపేస్తున్నారు. పాత కార్లలో ఉన్న బాక్సులన్నీ చచ్చిపోతాయి. ఫోన్‌తో తలుపు తాళం వెయ్యడం, కారెక్కడుందో చూసుకోవడం, ఆపదలో నెత్తి మీదున్న SOS బటన్ నొక్కడం, ఏదీ పనిచెయ్యదు. ఆ భయాన్నే విదేశీ ముఠా పెట్టుబడిగా వాడుకుంటోంది. ఇక్కడ కారు సామాన్ల షాపు సురేష్ బాబు పైసా తీసుకోకుండా పచ్చ బాక్సులు బిగిస్తున్నాడుగా?”

“ఇరవై మూడు కార్లకి బిగించాడు సార్.”

“అది బిగించాక ఆ కారు వాడి ఫోన్లో ఉన్నట్టే. వాడు నొక్కితే ఇంజను ఆగిపోతుంది. ఎవరినో చంపి యాక్సిడెంట్ అనిపించాలని ప్లాను. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ అన్నది నీహారిక తెలుసుకోవాలి.”

నీహారిక డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. అయినా ఆమె ఫోను మాత్రం తమ దగ్గరే పెట్టుకుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఆమె ఎర్రకారులో ఉన్న SOS బటన్. అది నొక్కితే సుందరరాజు జేబులోని మల్టీమీటరులో ముల్లు కదులుతుంది, కారెక్కడుందో చిన్న తెరమీద పడుతుంది. పది నిమిషాల్లో మనుషులతో అక్కడ వాలిపోవాలి.

“ఆమె కారులోదీ పాత బాక్సే సార్,” అన్నాడు సుందరరాజు.

“అందుకే వచ్చాను.” చీఫ్ కండువా కిందనుంచి కొత్త హారన్ తీసిచ్చాడు. హారన్ లోపల కొత్త నెట్‌వర్క్ బాక్సు ఉంది. “కాసేపట్లో ఆమె వస్తుంది. ఇవాళే బిగించు. ఆ పిల్ల ప్రాణం దీని మీదే ఉందయ్యా.”

పదకొండింటికి ఎర్రకారు వచ్చింది. నల్లకళ్లద్దాలు, గాలికి ఎగిరే షిఫాన్ చీర. ఆమె దిగేసరికి ఎదురు టీకొట్టులో గ్లాసులు పెదాల దాకా వచ్చి ఆగిపోయాయి. రెండో తలుపు తీసుకుని సురేష్ బాబు కూడా దిగాడు. అతను వస్తాడని ఎవరూ అనుకోలేదు.

“కొత్త హారన్ కావాలి మేస్త్రీ,” అంది నీహారిక.

“ఉందమ్మా. అరగంట పని.”

సుందరరాజు స్క్రూడ్రైవర్ తీశాడు. సురేష్ బాబు నవ్వాడు. “అదేంటి మేస్త్రీ? మొన్న మా బావ కొత్త సీటు కవర్లు వెయ్యమంటే అమావాస్య ముందర వద్దండీ అని పంపించేశావంట. ఇవాళ అమావాస్యే కదా? ఆడోళ్లొస్తే నీ పంచాంగం మారిపోద్దా?”

టీకొట్టులో జనం నవ్వారు. సురేష్ బాబు మాత్రం నవ్వు ఆపేసి సుందరరాజు చేతుల వంకే చూస్తున్నాడు.

ఆ ఊళ్లో ఏ మెకానిక్కూ అమావాస్య నాడు కారుకి కొత్త సామాను ముట్టించడు. బిగిస్తే దొరికిపోవడం ఖాయం. తను ఒక్కడే కాదు, పక్కన నిలబడ్డ ఆమె కూడా. శుక్రవారం సాయంత్రం దాకా పాత నెట్‌వర్క్ ఉంటుంది. శుక్రవారం పొద్దున బిగిస్తే చాలు. లెక్క సరిపోయింది.

సుందరరాజు స్క్రూడ్రైవర్ కింద పెట్టి చెంపలేసుకున్నాడు. “మతిపోయిందండీ బాబూ, మంచిపని చేశారు. రేపు పాడ్యమి, అదీ పనికిరాదు. ఎల్లుండి శ్రావణ శుక్రవారం. పొద్దున్నే రండమ్మా, నిమ్మకాయ కోసి బిగిస్తాను.”

నీహారిక కళ్లద్దాలు తీసింది. ఏడు నెలల్లో ఆమె కళ్లు అతను చూడడం అదే మొదటిసారి. బాగా నిద్రలేని కళ్లు.

“శుక్రవారం దాకా ఈ పాతది మోగుద్దా మేస్త్రీ?”

“మోగుద్దమ్మా. నాది పూచీ.”

గురువారం తెల్లారినప్పటి నుంచి వాన. పదకొండున్నరకి గ్లోరి టీచరు గొడుగేసుకుని షెడ్డులోకి వచ్చింది.

“అంకారావ్, నా కారు ఫోన్లో కనపట్టం లేదయ్యా. లాకు కూడా పట్టం లేదు.”

“రేపు సాయంత్రం కదండీ ఆగేది?”

“మన వైపు టవర్లు ఇవాళ పదింటికే ఆపేశారంట. మా పక్కింటి వంశీకృష్ణ వాళ్ల కారూ అంతే. పొద్దున్నే మెసేజ్ వచ్చింది, చూసుకోలా?”

సుందరరాజు మల్టీమీటరు బయటికి తీశాడు. ముల్లు సున్నా దగ్గర పడి ఉంది. గంటన్నర నుంచి అలాగే ఉందన్నమాట. నీహారిక బటన్ నొక్కిందో లేదో, ఒకసారి నొక్కిందో వందసార్లు నొక్కిందో చెప్పే దిక్కు లేదు.

స్కూటీ అడ్డంగా ఉంటే కాలితో తోసేసి మోటారుసైకిల్ తీశాడు. సురేష్ బాబు షాపుకి షట్టరు దించి ఉంది. పక్క పాన్‌షాపు పుల్లమ్మ కేకేసింది: “సురేష్ బాబు జీపు పెనుగొలను దారి పట్టిందయ్యా! దాని ఎనకమాల ఎర్రకారు, పేణం మీదకొచ్చినట్టు పోయింది!”

పెనుగొలను. అప్పుడు వెలిగింది. గురువారం గురువారం బీపీ చూపించుకోవడానికి తిరువూరొచ్చి మధ్యాహ్నానికి ఆ ఊరికే తిరిగిపోయే ముసలాయన ఒకాయన ఉన్నాడు: డాక్టర్ వెంకటప్పయ్య, రిటైర్డ్ సైంటిస్టు. దేశానికి పనికొచ్చే రాడార్ లెక్కలు ఆయన బుర్రలో తప్ప కాగితం మీద లేవు. ఆయన తెల్లకారుకీ సురేష్ బాబు పచ్చ బాక్సు బిగించాడు. దారిలో కట్టలేరు చప్టా ఉంది. వాన పడిందంటే దాని మీదనుంచి వాగు పారుతుంది.

సుందరరాజు వెళ్లేసరికి చప్టా నడిమధ్యలో ఆ తెల్లకారు ఆగిపోయి ఉంది. తలుపుల దాకా ఎర్రనీళ్లు. ఇవతలి గట్టు మీద సురేష్ బాబు, చేతిలో ఫోను. తెల్లకారు వెనక ఎర్రకారు.

ఆమె తన కారు బంపరు ముందు కారుకి ఆనించి నెడుతోంది. ఇంజను గోల వాగు హోరుని మించి వినిపిస్తోంది. ఒక అడుగు. ఇంకో అడుగు.

సుందరరాజు బండి ఆపకుండానే వీల్ స్పానరు విసిరాడు. సురేష్ బాబు ఫోనుతో సహా కూలబడ్డాడు. గట్టు మీదున్న రైతులు వాణ్ణి పట్టుకున్నారు. సుందరరాజు నీళ్లలోకి దూకాడు.

తెల్లకారు ముందు చక్రాలు అవతలి గట్టు ఎక్కాయి. ఒక క్షణం ఆలస్యమైతే కొట్టుకుపోయేదే. ఆ తోపుకి ఎర్రకారు పక్కకి జారింది. “నీహారికా!” అని అరిచాడు. ఏడు నెలల్లో ఆమెను పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదటిసారి. కారు చప్టా అంచు దాటింది, ఒకసారి బోర్లా తిరిగింది. తరవాత వాగు మామూలుగా పారింది.

రైతులు తాడేసి అతన్ని అవతలి గట్టుకి చేర్చారు. డాక్టర్ వెంకటప్పయ్య రాతి మీద కూర్చుని వణుకుతున్నాడు.

“ఎవరు బాబూ ఆ అమ్మాయి? అద్దంలో చూస్తూనే ఉన్నా. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో పైన ఏదో నొక్కుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది. ఏంటది?”

సుందరరాజు గట్టు వెంట వాగు కిందికి పరిగెత్తాడు.

సాయంత్రం నాలుగింటికి రెండు మైళ్ల కింద కారు దొరికింది. ఆమె మీద ఎవరో ఆడమనిషి తన చీర కొంగు చింపి కప్పింది. సుందరరాజు ఆ పక్కనే బురదలో కూర్చుని ఉండగా, కబురందుకున్న చీఫ్ ఫోను చేశాడు.

“డాక్టర్ సేఫా?”

“సేఫ్ సార్.”

“సురేష్ బాబు?”

“స్టేషన్లో ఉన్నాడు. ముఠా పేర్లు ఒక్కొక్కటే చెబుతున్నాడు.”

“శభాష్. మిషన్ సక్సెస్. మరి ఆ పిల్ల సిగ్నల్ ఎందుకు రాలేదయ్యా? నీ చేతిలోనే పెట్టాను కదా. ఎక్కడ పొరపాటు జరిగింది?”

“పొరపాటేం లేదు సార్,” అన్నాడు సుందరరాజు. “వేషం మరీ బాగా కుదిరింది.”