తాళమేసిన ఇంటి బొమ్మ

అబిడ్స్‌ల పెద్ద పోస్టాఫీసు వెనక — ఏ గల్లీనో చెప్పను, మాటిచ్చిన — ఒక రెండంతస్తుల పాత ఇల్లున్నది. దర్వాజకు తాళమేసి పదేండ్లయింది. పొద్దుగూకినంక మీది అంతస్తు అర్రల దీపం తిరుగుతదని, ఆడమనిషి గొంతొకటి పిలుస్తదని అంటరు. చీకటి పడితె ఆటోవాలాలు గూడ ఆ గల్లీల ఆగరు.

మా ఆఫీసుల పనిచేసే స్వర్ణకు అప్పటికి ఈ సంగతి తెల్వదు. జగిత్యాల నుంచి బదిలీ మీద వచ్చి నాంపల్లిల ఒక హాస్టల్ల ఉంటున్నది. ఎక్కువ మాట్లాడది. ఆదివారమొస్తె మడత స్టూలు, ఇంకు పెన్ను, రంగుల డబ్బా, కుంచె కడగనీకి నీళ్ల డబ్బా పట్టుకొని పాత ఇండ్ల బొమ్మలు గియ్యనీకి పోతది. ఆ రోజు ఏమయిందో ఆమె చెప్పినట్టే చెప్తున్న.

డిసెంబర్ నెల. దుకాన్లన్ని బందు. ఫుట్‌పాత్ మీద పుస్తకాలోళ్లు గూడ మూటలు కట్టుకొని పోయిన్రు. స్వర్ణ ఆ ఇంటి ఎదురుంగ కూసోని కమాన్లు, కిటికీలు, బాల్కనీ జాలీ అన్ని ఇంకుతోని గీసింది. ఆకాశానికి నీళ్ల రంగేసింది. చలికి ఆ తడి ఆరుతలేదు… ఆరెదాక ఇంకో రంగు వెయ్యొద్దు. కూసున్నది.

మసక చీకటైంది. తలెత్తి చూసింది.

మీది కిటికీ తెరిచున్నది.

తను గీసింది మూసిన కిటికీ. నేనే సరిగ చూడలేదేమో అనుకున్నది. అంతల లోపల చిన్న వెలుగు… ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మెల్లగ నడిచింది.

లేవాలనుకున్నది. కూసున్న కాడనే గల్లీ ఆ కొస, ఈ కొస చూసింది. గల్లీల ఇంకో మనిషి లేడు.

బాల్కనీల ఏదో కిర్రుమన్నది. చీకట్ల నుంచి ఒక తాడు… తాడుకు ఒక బుట్ట… ఆగుకుంట, ఆగుకుంట దిగి, ఆమెకు నాలుగడుగుల దూరంల నేలకానింది.

బుట్టల స్టీలు చెంబు. చెంబునిండ నీళ్లు.

"తీస్కో బిడ్డా…" మీది నుంచి గుసగుస. "నీ డబ్బాల నీళ్లు నల్లగైనయ్."

"ఎ… ఎవరు?"

జాలీ మీదికి ఒక ముసలి మొఖం వంగింది. చేతిల కందిలి దీపం.

"కొండమ్మను. ఈ ఇంట్ల పనిమనిషిని. పెద్దోళ్లు పోయినంక వాళ్ల పిల్లలు ఆస్తికని కోర్టుల పడ్డరు, ముందట తాళమేసిన్రు. నేను ఎనక మెట్లకెళ్లి వస్త, పోత. కరెంటు లేదు." కందిలి జర కిందికి దించింది. "అందరు నన్ను దెయ్యమనుకుంటరు. అనుకోనీ. భయానికి ఎవ్వలు లోపలికి రారు, నన్ను ఎల్లగొట్టరు. ఎవ్వలకు చెప్పకు. గని నేను పిలిస్తె గూడ ఎవ్వలు ఆగరు బిడ్డా… నువ్వు పగటిసంది గీడనే ఉన్నవ్. నేను చూస్తనే ఉన్న."

స్వర్ణ చెంబు తీసుకున్నది.

"ఏమన్న తిన్నవా?" అని అడిగింది కొండమ్మ.

ఈ ఊరికొచ్చి ఏడాదిన్నర. ఆ మాట ఎవ్వరు అడగలే. స్వర్ణ చెంబు పట్టుకొని గల్లీ నడుమ నిలబడి ఏడ్చిందట.

ఆఫీసుల ఆమె పక్క కుర్చీ నాదే. నేను గూడ అడగలే.