ఆ ఒక్క ఇంట్లోనే కరెంటు పోయేది

డర్బన్ శివారు సీ కౌ లేక్‌లో ఆ ఇంటి వెనక గది సంగతి తెలిసినవాళ్లు పొద్దు గూకాక ఆ సందులో నడిచేవాళ్లు కాదు. చుట్టు తిరుగుడైనా సరే, నది వైపు రోడ్డు పట్టుకుని పోయేవాళ్లు.

వీధంతా దీపాలు వెలుగుతుండగా ఆ ఒక్క ఇంట్లోనే కరెంటు పోయేది. కాసేపు చిమ్మచీకటి. మళ్లీ వచ్చేది. వచ్చీ రాగానే, ఎవరూ లేని ఆ వెనక గదిలో ఏదో సన్నగా ఒక్క కూత కూసేది... కిటికీలో బూడిదరంగు వెలుగు కదిలేది.

"ఆగ్నెస్ చచ్చినా ఎక్కడికీ పోలేదు," అనేది పక్కింటి సూరమ్మ. "మొగుడి రెండో పెళ్లాన్ని చూసి ఓర్వలేక ఇంట్లోనే తిరుగుతోంది."

ఇదంతా నాకు కార్తికేయ చెప్పాడు. కాకినాడ వాడు. ఇక్కడ తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక ఉద్యోగాలకని వచ్చినవాళ్లలో ఒకడు, డర్బన్‌లో కంప్యూటర్లు బాగుచేసేవాడు. దెయ్యాలంటే నవ్వేస్తాడు. ఈ కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిస్తాడు.

ఆ ఇల్లు పెర్సీ అంకుల్‌ది. ఆయన తాతల తాతలు చెరకు తోటల్లో పనికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఇంట్లో ఇంగ్లీషే. బాప్టిస్టు చర్చిలో ఒకటి రెండు పాటలు, పెద్దవాళ్ల తిట్లు — తెలుగు అంతే మిగిలింది. పెరట్లో విడిగా ఉన్న వెనక గదిలో పెళ్లికార్డులు, చావు ఆరాధనలకి పాటల కాగితాలు అచ్చువేసేవాడు. జనమంతా మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడాది, ఆయన భార్య ఆగ్నెస్ పట్టుబట్టి కంప్యూటర్ కొనిపించింది. నేర్చుకున్నదీ ఆమే. ఆయనకి టైపు చేయడం, అచ్చు తీయడం తప్ప దాని లోపలి సంగతులేవీ తెలియవు. తర్వాత ఏడాది తిరక్కుండానే ఆమె జబ్బు చేసి పోయింది.

ఆ తర్వాత ఆయన డోరీన్‌ని చేసుకున్నాడు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ తమిళుల అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని నలభై దాటాయి. తల్లికి చాకిరీ చేస్తూ పెళ్లి లేకుండా ఉండిపోయిన మనిషి. తనదంటూ ఒక ఇల్లు కావాలని అన్నేళ్లు ఎదురుచూసి, చివరికి ఇంకో ఆడది సర్దిపెట్టిన ఇంట్లోకి వచ్చింది.

వచ్చీ రాగానే పరదాలు మార్చింది. గిన్నెలు మార్చింది. మంచం అమ్మేసి కొత్తది తెప్పించింది. ఆగ్నెస్ గులాబీ మొక్కని వేళ్లతో సహా పీకించింది. పెర్సీ దేనికీ అడ్డు చెప్పలేదు.

ఆ కంప్యూటర్ దగ్గర మాత్రం... "అది ఉండనీ, పని జరగాలి గదా," అన్నాడు.

డోరీన్ ఆంటీ చర్చిలో ఎవరినో పట్టుకుని కార్తికేయకి కబురు పెట్టింది. చలికాలం, బుధవారం. సాయంత్రమే చీకటి పడిపోయింది. బుధవారాలు ఆమె ప్రార్థన కూటానికి వెళ్తుంది. ఆ రోజు వెళ్తున్నట్టే పెర్సీకి చెప్పి, వెళ్లకుండా ఆగిపోయింది. ఆయన కార్డులు ఇచ్చిరావడానికి పోయాడు. ముందు ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, కార్తికేయని దొడ్డిదారిన వెనక గదిలోకి తీసుకెళ్లింది.

"ప్రార్థన నుంచి వచ్చేసరికి ఇలాగే ఉంటుంది," అంది మెల్లగా. "కరెంటు పోయిందంటాడు. సూరమ్మ ఇంట్లో పోదు. మా ఇంట్లోనే పోతుంది. ఇది తనంతట తనే లేస్తుంది. లేచి... ఆయన్ని పిలుస్తుంది."

"ఎవరు ఆంటీ?"

ఆమె కిందికి వంగింది. గోడకున్న ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టింది.

కంప్యూటర్ ఒక్క కూత కూసింది. ఎవరూ మీట ముట్టలేదు. కార్తికేయకి అందులో వింత కనబడలేదు. పాత రకం పెట్టె, మీట లోపలికి నొక్కే ఉంది. కరెంటు రాగానే లేస్తుంది, అంతే. నల్లటి తెర మీద డిస్కు తనిఖీ మొదలైంది. గరగరమని చప్పుడు. ఏదో ఫైలు దొరకడం లేదని, ఒక మీట నొక్కమని అడుగుతూ ఆగిపోయింది.

దానికి పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వరుస ఉంది.

పెర్సీ బువ్వ తిని కూసో.

కార్తికేయ ఆ వరుస మళ్లీ చదివాడు. అది వాళ్ల నాయనమ్మ మాట. కాకినాడలో కూడా ఆ మాట విని ఎన్నాళ్లయిందో...

"చదివావుగా," అంది డోరీన్. "మంత్రమా? ముద్దుపేరా? నా ఇంట్లో, నాకు రాని భాషలో, నా మొగుణ్ణి పిలుస్తోంది. ఆయన్నడిగితే తనకీ తెలియదన్నాడు."

"భోంచేసి కూర్చోమని ఆంటీ. అంతే."

ఆమె తెర మీది ఆ వరుసని వేలితో తడిమింది.

"భోంచేయమనా?" అంది. "నేను రెండు పూటలా వేడివేడిగా వండి పెడుతున్నాను. ఒక్కరోజు బాగుందనలేదు."

కార్తికేయ లోపలి ఫైళ్లు తెరిచాడు. కంప్యూటర్ లేచేటప్పుడు చదువుకునే ఫైలు ఒకటుంటుంది. అందులో ఆగ్నెస్ ఎప్పుడో రాసి పెట్టిన వరుస అది. తిండి మానేసి పనిలో కూర్చునే మొగుడికి, తెరవగానే కనబడాలని.

"రోజూ వస్తూనే ఉంది ఆంటీ. లేచేటప్పుడు వచ్చే రంగుల బొమ్మ దాన్ని కప్పేస్తుంది, మనకి కనబడదు. ఉన్నట్టుండి కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ బొమ్మ తప్పుకుంటుంది. దెయ్యమూ లేదు, ఏమీ లేదు. కానీ ఇలా పదేపదే పోతుంటే డిస్కు పాడవుతుంది. ఇప్పటికే కొన్ని ఫైళ్లు దెబ్బతిన్నాయి."

"తీసెయ్."

"అంకుల్‌ని ఒక మాట..."

"తీసెయ్ బాబూ. మొక్క పీకించాను. దీన్ని పీకలేనా?"

అడిగిన తీరు చూసి కాదనలేకపోయాడు. వరుస చెరిపేశాడు. చెడిపోయిన ఫైళ్లు తన దగ్గరున్న డిస్కుల్లోంచి మళ్లీ వేశాడు. పని పూర్తయి లేవబోతుండగా—

దీపం ఆరిపోయింది.

డోరీన్ అతని మణికట్టు పట్టుకుంది. కిటికీలోంచి చూస్తే సూరమ్మ వంటింట్లో దీపం వెలుగుతూనే ఉంది. వీధి దీపాలూ అంతే.

ముందు వసారాలో ఏదో చిన్నగా చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు... ఇద్దరూ గోడవారకి జరిగారు.

టక్‌మని మళ్లీ చప్పుడు. దీపం వెలిగింది. కంప్యూటర్ కూత కూసింది.

అడుగులు. పెరట్లో, మెల్లగా, అలవాటైన నడక. తలుపు తెరుచుకుంది.

పెర్సీ అంకుల్.

వాళ్లిద్దరూ గోడవారగా నిలబడి ఉన్నారు. ఆయన చూడనేలేదు. తెర వైపే చూస్తున్నాడు — పెళ్లిచూపులకి వచ్చిన కుర్రాడిలా, అన్నాడు కార్తికేయ. జుట్టు దువ్వుకుని ఉన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తనిఖీ అయిపోయింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. తెర నిండా రంగులు పరుచుకున్నాయి.

ఆయన మొహం వాడిపోయింది. "ఇవాళ ఏమీ అనలేదే..." అన్నాడు, తనలో తనే.

"మెయిన్ స్విచ్ నువ్వే తీస్తున్నావా?" అంది డోరీన్.

పెర్సీ ఉలిక్కిపడి తిరిగాడు. ఆమెను చూశాడు, కార్తికేయ చేతిలో డిస్కుల పెట్టె చూశాడు. అబద్ధం చెప్పే ఓపిక ఆ మొహంలో లేదు.

"మొదటిసారి నిజంగానే పోయింది," అన్నాడు. "వచ్చాక అది కనబడింది. మళ్లీ ఎలా రప్పించాలో నాకు తెలియదు. తీసి వేస్తే వచ్చేది."

"నేను దేవుడి దగ్గర మోకాళ్ల మీద ఉంటే, నువ్విక్కడ ఆవిడతో కూర్చున్నావు."

ఆయన తల దించుకున్నాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీయించేస్తావని."

"తీయించేశాను."

పెర్సీ ఏడవలేదు. కోపగించుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. అదే ఆమెను దహించిందంటాడు కార్తికేయ. అరిచినా బాగుండేదేమో. చచ్చినదాని ఒక్క మాటకోసం అంత దిగులు పడే మనిషి, బతికున్నదాని కోసం ఎప్పుడైనా పడతాడా... ఆ ప్రశ్న ఆమె కళ్లలో కనబడింది.

కార్తికేయ వెళ్తానన్నాడు. డోరీన్ ఆంటీయే గేటు దాకా వచ్చి గొళ్లెం తీసింది. "జాగ్రత్తగా వెళ్లు," అని గేటు వేసి లోపలికి పోయింది.

అతను పది అడుగులు వేశాడో లేదో, ఇంట్లో దీపాలు ఆరిపోయాయి. ఈసారి వసారాలో స్విచ్ దగ్గర నిలబడ్డది డోరీన్. వీధి వెలుతురులో ఆమె చీర కొంగు కనబడింది. అక్కడి నుంచి చీకట్లోనే తడుముకోకుండా పెరట్లోకి నడిచింది.

సందు వైపున్న వెనక గది కిటికీ తెరిచే ఉంది. ఆమె గొంతు స్పష్టంగా వినబడింది. అందులో కోపం లేదు. పక్క గదిలోంచి వచ్చి విందులో చోటు అడిగినట్టు ఉంది.

"కొంచెం జరుగు పెర్సీ. నాకూ చోటియ్యి. ముగ్గురం కూచుందాం."

కుర్చీ జరిగిన చప్పుడైంది.

ఒకటి కాదు... రెండు కుర్చీలు జరిగాయి, అంటాడు కార్తికేయ. ఆ గదిలో ఉన్నది ఒక్క కుర్చీయే.